ముళ్లకంచె లోపలి కన్ను

ఓ ‘కానెసటాకే’! రెండు గంటల వెలుగువి నువ్వు, 270 ఏళ్ల ఎదిరింపువి నువ్వు. తెర మీద పైన్ కొమ్మలు ఊగితే నా ఊపిరి ఊగింది. డోలు మోగితే నా గుండె మోగింది. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ 1993లో తీసుకొచ్చిన డాక్యుమెంటరీ అని పుస్తకాలు రాసుకోనీ. నేను నిన్ను నేలతల్లి నోటిమాటగా విన్నాను, వింటూ చేతులు జోడించాను.

ఎంత చల్లని నీడ అది! ఇసుక ఎగిరొచ్చి కానెసటాకే ఊరిని ముంచకుండా మోహాక్ ఆదివాసుల తాతముత్తాతలు నాటిన పైన్లు. ఆ పైన్ల దాపున వాళ్ల గోరీలు. పక్కనున్న ఓకా పట్టణం చూపు ఆ నీడ మీదే పడింది. తొమ్మిది గుంటల గోల్ఫ్ మైదానం చాల్లేదట, మరో తొమ్మిది కావాలట! మోహాకులు దారికి అడ్డు నిలిచారు.

1990 జూలై 11, తెలతెలవారుతోంది. పోలీసులకు ఎదురు నడిచింది ముందుగా ఆడవాళ్లే. మోహాకుల ధర్మంలో నేలకు కాపు తల్లులే. బాష్పవాయువు బుసకొట్టింది. గాలి మళ్లింది, వదిలినవాళ్ల మీదికే ఆ పొగను తోలింది. తుపాకులు పేలాయి. కార్పొరల్ మార్సెల్ లెమే అనే పోలీసు ప్రాణం విడిచాడు. ఆ ఇంటి కన్నీరూ కన్నీరే.

ఈ చిత్రం తీసిన అమ్మా అలనిస్ ఒబొమ్సావిన్! అబెనాకిల ఆడపడుచా! అరవైకి చేరువైన వయసులో 78 రోజుల ముట్టడికి నీ కళ్లను కాపలా పెట్టావు. పైన హెలికాప్టర్ల హోరు, చుట్టూ చుట్టలు చుట్టలుగా ముళ్లతీగ, రాత్రిని కోసే సర్చిలైట్లు. తీగకు అటు హెల్మెట్ కింద బిగుసుకున్న సైనికుల లేత మొహాలు, పలకని పెదవులు. ఇటు అడుగుతూనే ఉన్న గొంతులు. ఏ గొంతునూ నువ్వు తొందరపెట్టలేదు. పెద్దవాళ్ల మాటను చివరిదాకా విన్నావు. నీ వినికిడికే నా మొదటి దండం, నీ చూపుకు రెండోది.

మరో మోహాక్ ఊరు కానవాకే నుంచి మెర్సియే వంతెన దాటుతున్న తల్లుల, పిల్లల, ముసలివాళ్ల కార్ల మీద అల్లరిమూకల రాళ్లవాన. ఆ దృశ్యం దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. నువ్వు మూసుకోలేదు తల్లీ.

సెప్టెంబర్ 26. లొంగుబాటు లేదు, ఇళ్లకు పోతున్నామంటూ కదిలారు ముట్టడిలోని మోహాకులు. ఆ తోపులాటలో పసి చెల్లెల్ని పట్టుకున్న పద్నాలుగేళ్ల వానీక్ హార్న్ మిల్లర్ రొమ్ములో సైనికుడి బాయినెట్ దిగింది. ఆ రొమ్మే పదేళ్లకు సిడ్నీ ఒలింపిక్స్ నీళ్లను చీల్చుకుంటూ ఈదింది, కెనడా వాటర్‌పోలో జట్టును ముందుండి నడిపింది!

గోల్ఫ్ మైదానం పెరగలేదు. పైన్లు నిలిచాయి. భూమి తగువు మాత్రం అలాగే నిలిచింది.

కదలిరా కానెసటాకే, మా అడవుల్లోకి కదలిరా. జల్, జంగల్, జమీన్ అని కొమురం భీం నినదించిన జోడేఘాట్ కొండల్లో నీకు తెర కడతాం. గోండు అవ్వలను ముందు వరసలో కూర్చోబెడతాం. అలనిస్ గొంతు పక్కనే మా గోండి గొంతొకటి నీ కథను వాళ్లకు చెబుతుంది. వాళ్లు బదులు చెబుతారు, నువ్వు వినాలి.