చార్టులో లేని జెండా

నా దగ్గర ఐదో తరగతి దాకా చదివి, తర్వాత ఆశ్రమ పాఠశాలలో పది పాసైన కుర్రాడొకడు మా ఊళ్లో ఉన్నాడు. పోయిన ఎండాకాలం వాడు గ్రామసభ రిజిస్టర్‌లో సంతకం పెట్టాడు. గ్రామసభ మాత్రం జరగలేదు. ఇద్దరు మనుషులు బండి మీద రిజిస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. పేజీ పైన తీర్మానం రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. కింద మాత్రం సంతకాలు, వేలిముద్రలు నిండిపోయాయి. గోదావరి ఇసుక తవ్వకానికి ఆ కాగితం కావాలట.

"ఎందుకు పెట్టావురా?" అని అడిగాను.

"అందరూ పెట్టారు గదా సార్. సర్పంచ్ మీటింగు కాయితమంట" అన్నాడు.

వాడు నా క్లాసులో ఉన్నప్పుడు ఆగస్టు 15 క్విజ్‌లో మొదటి బహుమతి వాడిదే. ధర్మచక్రంలో ఆకులు ఎన్ని, జెండా పొడవు వెడల్పుల నిష్పత్తి ఎంత, జాతీయ పక్షి ఏది, ప్రభుత్వానికి అంగాలు ఎన్ని, ఏది అడిగినా ముందు వాడి చెయ్యే లేచేది. ఆ జవాబులు నేర్పింది నేనే. కాబట్టి ఈ విమర్శ ఎవరి మీదో కాదు, ముందు నా పాఠం మీద.

మా బడి గోడకు రెండు చార్టులు ఉంటాయి. ఒకటి జాతీయ చిహ్నాలు, రెండోది ప్రభుత్వ రూపాలు. పోటీ పరీక్షల గైడుల్లో కూడా ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏ కంపెనీది కొన్నా సరుకు ఒకటే. పులి బొమ్మ కింద "జాతీయ జంతువు", నెమలి బొమ్మ కింద "జాతీయ పక్షి". రెండో చార్టులో రాచరికం, నియంతృత్వం, ప్రజాస్వామ్యం, ఆ కింద శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు. అన్నీ నిజాలే, తప్పు ఒక్కటీ లేదు. కానీ వాటిని ఎవరు, ఎప్పుడు, ఏం మాట్లాడుకుని నిర్ణయించారో ఎక్కడా ఉండదు. చార్టు చూసే పిల్లలకు ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అనిపిస్తాయి. ఆ నిర్ణయాల్లో మనవాళ్లకూ పాత్ర ఉందని అసలే తెలియదు.

ముందు జెండా సంగతి చూద్దాం. 1947 జూలై 22న రాజ్యాంగ సభ మువ్వన్నెల జెండాను ఆమోదించింది. పింగళి వెంకయ్య పేరు మేం తప్పకుండా చెప్తాం, చెప్పాలి కూడా. కానీ ఆ రోజు సభలో లేచి మాట్లాడినవాళ్లలో ఒక ఆదివాసి ఉన్నాడని ఏ టీచరూ చెప్పడు. నాకు నలభై ఏళ్లు దాటేదాకా నాకే తెలియదు. ఆయన ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన మన హాకీ జట్టుకు కెప్టెన్. గైడుల్లో "జాతీయ క్రీడ: హాకీ" అని రాస్తారు. హాకీని జాతీయ క్రీడగా ప్రభుత్వం అధికారికంగా ప్రకటించనే లేదు. లేని ప్రకటనను బట్టీ పట్టిస్తున్నాం, ఉన్న కెప్టెన్‌ను వదిలేస్తున్నాం.

ఆ రోజు జైపాల్ సింగ్ ఆదివాసుల తరఫున జెండాకు మద్దతు పలికాడు. దాంతోపాటు ఇంకో మాట గుర్తు చేశాడు. జెండా ఎగరేయడం నాగరికులకే తెలుసని మీలో చాలామంది అనుకుంటున్నారు, కానీ ఈ దేశంలో మొదట జెండాలెత్తి వాటికోసం పోరాడింది ఆదివాసులే, మా ప్రతి ఊరికీ తన జెండా ఉంది అన్నాడు. ఇక మీదట మాకు రెండు జెండాలు ఉంటాయి, ఒకటి ఆరు వేల ఏళ్లుగా ఉన్నది, రెండోది ఈ జాతీయ జెండా అని చెప్పాడు. ఒకదాన్ని దించి ఇంకోదాన్ని ఎత్తమనలేదు.

ఆ ప్రసంగం గురించి చదివినప్పుడు నాకు మా పడిగెలు కళ్ల ముందు కదిలాయి. మన కోయ ఇలవేల్పుల పడిగె అంటే మూడు మూలల గుడ్డ. దాని మీద రంగు గుడ్డ ముక్కలతో బొమ్మలు కుట్టి ఉంటాయి. ఒక్కో బొమ్మ వెనక ఆ గట్టు వాళ్ల పెద్దల కథ ఉంటుంది. డోలి వాయిస్తూ ఆ కథ చెప్పేవాళ్లు ఉన్నారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య చేసిన పని అదే. మరి మా పిల్లలు జాతీయ జెండాలో ఏ రంగు దేనికి గుర్తో గడగడా చెప్తారు. తమ పడిగె మీద ఏ బొమ్మ ఉందో చాలామందికి తెలియదు. జెండాను చదవడం నేర్పినవాడిని నేనే అయినప్పుడు, రెండో జెండాను చదవడం నేర్పకపోవడం ఎవరి తప్పు?

జాతీయ చిహ్నం విషయంలోనూ ఇంతే. సారనాథ్ సింహాలు, కింద "సత్యమేవ జయతే". 1950 జనవరి 26న స్వీకరించారు. అశోకుడు కళింగ యుద్ధం తర్వాత మారిపోయాడని చెప్పి పాఠం ముగిస్తాం. ఆ పశ్చాత్తాపాన్ని ఆయన పదమూడో శిలాశాసనంలో రాయించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న శాసనాల్లో అది కూడా ఉంది. అదే శాసనంలో అడవిలో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక కూడా ఉంది. పశ్చాత్తాపపడినా నాకు దండించే బలం ఉంది, మీరు దారికి రాకపోతే ప్రాణాలు పోతాయి అని దాని సారాంశం. యుద్ధం జరిగిన కళింగలోనే, అంటే ధౌలి, జౌగడలలో, ఆ పదమూడో శాసనాన్ని చెక్కించలేదు. ఇది చెప్తే చిహ్నానికి అవమానమని కొందరు మిత్రులు అంటారు. నాకు అలా అనిపించదు. సత్యమే గెలుస్తుందని రాసి ఉన్న బొమ్మ కింద నిలబడి సగం సత్యం చెప్పడమే అవమానం.

పులి దగ్గరికి వస్తే, 1973 నుంచి అది జాతీయ జంతువు అని చార్టులో ఉంటుంది. కవ్వాల, అమ్రాబాద్ చుట్టుపక్కల గోండు, చెంచు పిల్లలకు పులి అంటే చార్టు బొమ్మ ఒక్కటే కాదు. ఊరు ఉంటుందా, కదలాలా అనే ప్రశ్న కూడా. వన్యప్రాణి రక్షణ చట్టానికి 2006లో వచ్చిన సవరణ ప్రకారం, పులుల కోసం ఊరిని కదిలించాలంటే అన్నీ వివరంగా చెప్పి గ్రామసభ సమ్మతి తీసుకోవాలి. జాతీయ జంతువు బొమ్మ పక్కన ఈ ఒక్క వాక్యం రాస్తే రెండు చార్టులూ కలిసిపోతాయి. ఆ వాక్యం నేను చూసిన ఏ చార్టులోనూ లేదు.

రాష్ట్ర చిహ్నాల ముచ్చట ఇంకో రకం. పోలవరం ముంపు పేరుతో 2014లో ఏడు మండలాల ఊళ్లు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. మా మేనమామ ఊరు అందులో ఒకటి. అక్కడి పిల్లలకు అంతకుముందు రాష్ట్ర పక్షి పాలపిట్ట. 2018 నుంచి రామచిలుక. ఇవతల మాకు పాలపిట్టే మిగిలింది. మా మామ కొడుకుదీ నా కొడుకుదీ పరీక్షలో వేర్వేరు జవాబులు. ఇలవేల్పు పండుగ నాడు ఇద్దరూ దండం పెట్టేది ఒకే పడిగెకు. చిహ్నాలు మారతాయని, వాటిని మార్చేది మనుషులేనని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక ప్రభుత్వ రూపాలు. నా దగ్గరున్న ఒక గైడులో పాఠం ఇలా మొదలవుతుంది: ఆదిమ సమాజాల్లో ప్రభుత్వమే లేదు, బలవంతుడి మాటే చట్టం. తర్వాత రాజులు, ఆ తర్వాత ప్రజాస్వామ్యం. మన ఊళ్లో విత్తనాల పండుగ ఎప్పుడు చేయాలో పటేలు ఒక్కడే చెప్పడు, వడ్డె ఒక్కడే చెప్పడు. ఇంటికొకరు కూర్చుని మాట్లాడి తేల్చుకుంటారు. ప్రజాస్వామ్యాన్ని ఆదివాసులకు నేర్పడం కాదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని జైపాల్ సింగ్ 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో అన్నది అందుకే. అలాగని మన పద్ధతులన్నీ గొప్పవని నేను అనను. కుల పంచాయతీలో ఆడవాళ్లు ఇప్పటికీ వెనకే కూర్చుంటారు, తీర్పు చెప్పేది మగవాళ్లే. లోటు ఉందని చెప్పుకుందాం. కానీ లోటు ఉండటం వేరు, అసలు ప్రభుత్వమే లేదనడం వేరు.

అదే గైడు "గవర్నర్ నామమాత్రపు అధిపతి" అంటుంది. పరీక్షలో ఆ జవాబుకు మార్కు పడుతుంది. కానీ మన ప్రాంతానికి 5వ షెడ్యూలు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ చట్టం వర్తించాలో, ఏది వర్తించకూడదో చెప్పే అధికారం, శాంతి, సుపరిపాలన కోసం రెగ్యులేషన్లు చేసే అధికారం అందులో గవర్నర్‌కు ఇచ్చారు. ఏజెన్సీలో మన చేతిలో ఇంకా భూమి మిగిలి ఉందంటే 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి రెగ్యులేషన్ అందుకు పెద్ద ఆధారం. నేను టీచర్ని కావడానికి 2000లో వచ్చిన 3వ నంబరు జీవో కారణం. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మమ్మల్ని షరతులతో ఉండనిచ్చింది. నా తర్వాత డీఎడ్ చదివిన మన పిల్లలకు ఆ దారి మూసుకుపోయింది. ఇంత జరిగిన చోట, పిల్లలకు గవర్నర్ గురించి "నామమాత్రం" అనే ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ఎలా?

అన్నిటికంటే పెద్ద లోపం గ్రామసభ. చార్టులో పార్లమెంటు పైన ఉంటుంది, గ్రామ పంచాయతీ అట్టడుగున ఉంటుంది. గ్రామసభ ఉండనే ఉండదు. 1996 పెసా చట్టం మన గూడేన్ని కూడా ఒక గ్రామంగా గుర్తించవచ్చంది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ, ఆడా మగా, గ్రామసభ సభ్యులే. మన ఆచారాలను, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం ఆ సభదే. ఇసుక లాంటి చిన్నతరహా ఖనిజాలకు లీజు ఇవ్వాలంటే ముందు గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫారసు చేయాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో దరఖాస్తు మొదలయ్యేది కూడా గ్రామసభ దగ్గరే. అంటే ఆ కుర్రాడు సంతకం పెట్టింది సర్పంచ్ కాగితం మీద కాదు, తన సొంత అధికారం మీద. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను, ధర్మచక్రం ఆకులు లెక్కపెట్టిస్తూ కూర్చున్నాను.

ఇవన్నీ చెప్తే పిల్లలకు దేశం మీద గౌరవం తగ్గుతుందని ఒక తోటి టీచరు అన్నాడు. జైపాల్ సింగ్‌కు తగ్గలేదు. రెండు జెండాలనూ ఒకే నోటితో చెప్పినవాడికి జాతీయ జెండా చిన్నది కాలేదు. తనదంటూ ఒకటి ఉందని తెలిసినవాడే పక్కనున్నదాన్ని కూడా తనదనుకుంటాడు.

ఈ ఏడు నేను చేసింది చాలా చిన్న పని. చిహ్నాల చార్టు పక్కన ఒక తెల్ల చార్టు అతికించాను. పిల్లలు ఇంట్లో అవ్వనూ తాతనూ అడిగి తమ గట్టు పేరు, ఇలవేల్పు పేరు, పడిగె మీద బొమ్మలు తెలుసుకుని వచ్చి దాని మీద రాస్తున్నారు. కొన్ని గళ్లు ఖాళీగానే ఉన్నాయి, ఆ ఇళ్లల్లో చెప్పేవాళ్లు పోయారు. నెలకోసారి క్లాసులో గ్రామసభ పెడుతున్నాం. నియమం ఒక్కటే. తీర్మానం మొత్తం రాసి, కోయలోనూ తెలుగులోనూ పైకి చదివి వినిపించేదాకా ఎవరూ సంతకం పెట్టకూడదు. మొదటిసారి ఆడపిల్లలు వెనక వరసలో కూర్చున్నారు. ముందుకు పిలవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఈ పుస్తకం చదివే తోటి టీచర్లకు నా మనవి ఇంతే. పాఠ్యపుస్తకం మారేదాకా ఆగొద్దు. గోడ మీద చార్టు పక్కన ఇంకా చోటు ఉంది. ఆ కుర్రాడి సంతకం ఉన్న రిజిస్టర్ ఇప్పుడు ఏ ఆఫీసులో ఉందో, పైన ఖాళీగా వదిలిన చోట ఏం రాశారో మా ఊళ్లో ఇంకా ఎవరికీ తెలియదు. అడగడానికి వాడూ నేనూ కలిసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాస్తున్నాం. ఈసారి రాసేది వాడు, చదివి వినిపించేదీ వాడే.