దేవతలకు అలసట ఉండదా?

కరోనా కాలంలో నర్సును ‘దేవత’గా కీర్తించిన కవితల్ని నేనూ మెచ్చుకుంటూ తరగతిలో చదివాను. ఒక విద్యార్థిని లేచి, “మేడమ్, మా అమ్మ ఆశా వర్కర్. ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఈ కవితల్లో ఆమె ఎక్కడుంది?” అంది.

దేవత అలసిపోదు, జీతమూ అడగదు. ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకున్న ఆశాలను ప్రభుత్వం ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద కార్యకర్తలుగానే లెక్కగట్టింది. కోవిడ్ పనికి 2020లో కేంద్రం ఇచ్చిన అదనపు ప్రోత్సాహకం నెలకు 1000 రూపాయలు. 2022లో వాళ్లను సత్కరించిన ప్రపంచ ఆరోగ్య సంస్థే, బర్నవుట్ ఎడతెగని పని ఒత్తిడి ఫలితమని 2019లో నిర్వచించింది. అంటే ఆ తల్లి మౌనం వ్యక్తిగత బలహీనత కాదు, శ్రమకు సంబంధించిన ప్రశ్న. త్యాగాన్ని కీర్తించే కవిత్వం దాన్ని దాటేస్తుంది.

ఇంటిచాకిరీని ‘ప్రేమ’ అంటే ఒప్పుకోని మనం, ఈ చాకిరీని ‘సేవ’ అంటే ఎందుకు ఊరుకున్నాం?