పాట మీద మాట

పక్కవాడి పాట మీద మాట్లాడి పేరు తెచ్చుకోవడమూ ఒక విద్యేనా? జమైకా డీజే యు-రాయ్‌ని చూస్తే విద్యేననిపిస్తుంది. అసలు పేరు ఎవార్ట్ బెక్‌ఫర్డ్. 1942లో కింగ్‌స్టన్‌లోని జోన్స్‌టౌన్‌లో పుట్టాడు. అక్కడ వీధుల్లో పాటలు వినిపించే సౌండ్ సిస్టమ్‌లో రికార్డులు మార్చేవాడు సెలెక్టర్, మైకు పట్టేవాడు డీజే. మన ఊరేగింపుల్లో డీజే అంటే పెట్టెలూ పాటలే కాబట్టి ఈ తేడా చెప్పాల్సి వస్తోంది. మైకులో మాట్లాడటం యు-రాయ్ కనిపెట్టింది కాదు. 1950లలోనే కౌంట్ మచూకీ ఆ పని చేశాడు, తర్వాత కింగ్ స్టిట్ వచ్చాడు. అయితే వాళ్ల మాట ఎక్కువగా పాటకు ముందో, వాయిద్యం మధ్యలోనో పడే విసురు. యు-రాయ్ పాట పొడుగునా స్వారీ చేశాడు.

ఆ ఘనత సౌండ్ ఇంజనీరు కింగ్ టబ్బీ యంత్రానిదే అంటారు కొందరు. నిజమే, రికార్డులోంచి గొంతు తీసేసి తాళం, బేస్ మిగిల్చి చోటు చేసింది టబ్బీయే. కానీ చోటు దొరికితే దాన్ని కిక్కిరిసేలా నింపడం ఎవరైనా చేస్తారు. యు-రాయ్ రికార్డు ‘వేర్ యు టు ది బాల్’ వినండి. పారగాన్స్ బృందం పాడిన మాటలు మధ్యమధ్య పైకి తేలి మళ్లీ మాయమవుతుంటాయి. యు-రాయ్ వాటికి బదులిస్తాడు, ఆటపట్టిస్తాడు, అవి మళ్లీ వచ్చే వేళకు తప్పుకుంటాడు. అసలు పాట ఒంటపట్టనిదే ఆ తప్పుకోవడం కుదరదు. నా లెక్కలో డీజే పనికి చెవే పెట్టుబడి, నోరు ఆ తర్వాతే.

ఇది పరాన్నభుక్కు కళ అనే ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. పాత రికార్డు మీద కొత్త రికార్డు వచ్చిన ప్రతిసారీ వాద్యగాళ్లకు వాటా అందిందా అంటే, చాలాసార్లు లేదు. ఆ రోజు కూలితోనే వాళ్ల లెక్క సరి, లాభం నిర్మాతది. ఆ అన్యాయాన్ని నేను తేలిక చేయను. కాకపోతే అది ఖాతా పుస్తకంలోని దోషం, విద్యలోది కాదు. యు-రాయ్ మాటలు విని, ఇతన్ని రికార్డు చేయమని నిర్మాత డ్యూక్ రీడ్‌కు చెప్పింది పారగాన్స్ గాయకుడు జాన్ హోల్ట్. తన పాట పోయిందనుకున్నవాడు చేసే సిఫారసు కాదది. 1970లో రీడ్ విడుదల చేసిన యు-రాయ్ రికార్డులు మూడు జమైకా పట్టికలో మొదటి మూడు స్థానాల్లోనూ ఒకేసారి నిలిచాయి. ఆ తర్వాత యు-రాయ్ సొంతంగా స్టర్-గావ్ సౌండ్ పెట్టి, ర్యాంకింగ్ జో, జోసీ వేల్స్ వంటి కుర్రాళ్లకు మైకు అప్పగించాడు. 2021లో కన్నుమూశాడు.

వినాలనుంటే ముందు పారగాన్స్ పాట వినండి, తర్వాత యు-రాయ్ రికార్డు పెట్టండి. అతను ఎక్కడెక్కడ ఊరుకున్నాడో గమనించండి.