గోడ కింద నేల: గోల్కొండ, గుర్రంకొండ ముట్టడులు

కోటలు ఎలా పడ్డాయో చెప్పేటప్పుడు మన చరిత్ర పుస్తకాలు ఫిరంగుల గురించి రాస్తాయి, తలుపు తీసిన ద్రోహి గురించి ఇంకా ఎక్కువ రాస్తాయి. గోడ కింద నేల గురించి మాత్రం రాయవు. గోల్కొండ ముట్టడిని (1687), గుర్రంకొండ ముట్టడిని (1791) పక్కపక్కన పెట్టి చదివితే ఇది ఎంత పెద్ద లోపమో తెలుస్తుంది. రెండూ రాతి మీద నిలబడ్డ కోటలే. ఒకచోట శత్రువు గోడ కిందికి తవ్వుకుంటూ వచ్చాడు. రెండోచోట కొండ మీది కోట కిందికి అలా రావడానికి నేలే లేదు.

ముందు గోల్కొండ. 1687 ఫిబ్రవరిలో ఔరంగజేబు కోటను చుట్టుముట్టాడు. అగడ్త పూడ్చడానికి మట్టి నింపే గుడ్డ సంచుల్లో మొదటిదాన్ని ఆయనే వజూ చేసుకుని స్వయంగా కుట్టాడంటారు. ఫిరంగులు గోడను లొంగదీయలేకపోవడంతో మొగలులు సొరంగాలకు దిగారు. పని పద్ధతి ఇది: మోర్చా (ముట్టడిదారుల కందకం) దగ్గర మొదలుపెట్టి, అగడ్త కింది నుంచి బురుజు కిందిదాకా తవ్వుతారు. చివర్లో ఒక గది తొలిచి మందు కూరుతారు. వెనక దారిని రాయీ మట్టీ వేసి బిగించి, వత్తి బయటికి వదులుతారు. కిటుకంతా ఆ బిగింపులోనే ఉంది. పేలుడు ఎటు తక్కువ అడ్డు ఉంటే అటు పోతుంది. నెత్తిన ఉన్న బురుజు కంటే వెనక వేసిన మూత బలహీనమైతే, తవ్వినవాళ్ళ మీదికే వస్తుంది.

కోటలోవాళ్ళు సరిగ్గా దీన్నే వాడుకున్నారు. వాళ్ళు లోపలి నుంచి ఎదురు సొరంగం తవ్వి మొగలుల గదుల్ని అందుకున్నారని, తమ వైపున్న మందును తోడేసి, మిగిలినదాంట్లో నీళ్ళు పోశారని మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతల వల్ల తెలుస్తోంది. జూన్‌లో మొగలులు వత్తి ముట్టించారు. తడవకుండా మిగిలిన మందు కోటవైపు కాకుండా వాళ్ళ వైపే పేలింది. గోడ కూలగానే లోపలికి దూకాలని సిద్ధంగా నిలబడ్డ దళాల మీద రాళ్ళు కురిశాయి. రెండో సొరంగం కూడా అలాగే ఎదురుతిరిగింది. చచ్చినవాళ్ళు వెయ్యికి పైనే ఉంటారని చరిత్రకారుల లెక్క.

మొగలులకు ఇది కొత్త దెబ్బ కూడా కాదు. 1567లో చిత్తోడు దగ్గర అక్బరు పెట్టించిన రెండు మందుపాతరలు ఒకేసారి పేలలేదు. మొదటిది పేలగానే ముందుకురికిన సొంత సైనికుల్నే రెండోది మింగేసింది. గోల్కొండకు నాలుగేళ్ళ ముందు, 1683లో, వియన్నాలో తురుష్కులు ఇదే విద్యతో బురుజుల్ని పగలగొట్టగలిగారు. అక్కడ కోటగోడల కింద మెత్తటి మట్టి ఉంది. బయటి నుంచి సాయం రాకపోతే ఆ నగరం దక్కేది కాదు. పోల్చడం ఇక్కడ అక్కరకొస్తుంది: విద్య ఒకటే, సైన్యాలు రెండూ గొప్పవే, తేడా అంతా కింది నేలలోను, ఎదురు తవ్విన చేతుల్లోను ఉంది.

కురబలకోటకు ఈశాన్యాన ఉన్న గుర్రంకొండ మరో తీరు. అక్కడ రెండు కోటలు. కొండ మొదట్లో కింది కోట, పైన బండల మీద పై కోట. మూడో మైసూరు యుద్ధంలో, 1791లో, టిప్పు వశంలో ఉన్న ఈ దుర్గం మీదికి నిజాం సైన్యం వచ్చింది. వారాలు గడిచినా ఏమీ సాధించలేదు. చివరికి కుంఫిణీ ఫిరంగులతో కెప్టెన్ రీడ్ వచ్చాక నవంబరులో కింది కోట గోడకు గండి పడింది, కోట చిక్కింది. పై కోట చిక్కలేదు. అక్కడ ఫిరంగిని ఎక్కించడమే కష్టం, తవ్వడం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ ప్రాంతపు వడ్డెరలనడిగితే చెబుతారు: బండను నిప్పుతో కాల్చి పెచ్చులు లేపవచ్చు, ఉలితో గాడి కొట్టి చీల్చవచ్చు. కానీ శత్రువు నెత్తిమీద నుంచి రాళ్ళు దొర్లిస్తుంటే ఆ పని ఒక్క మూర కూడా సాగదు. మందుపాతరకు మూడు కావాలి: తవ్వే నేల, చాలినంత కాలం, గుట్టు. పై కోట దగ్గర మొదటిదే లేదు కనుక మిగతా రెండూ ఉన్నా ప్రయోజనం లేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. పై కోటను దిగ్బంధిస్తూ ఉండిపోయిన నిజాం సేనాని హాఫిజ్ ఫరీదుద్దీన్ మీద డిసెంబరులో టిప్పు పెద్దకొడుకు ఫతే హైదర్ వచ్చిపడ్డాడు. హాఫిజ్ పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ దుర్గం చివరికి నిజాంకు దక్కింది 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో. 1800లో అది కుంఫిణీ పరమైంది.

ఇలా చూస్తే గుర్రంకొండ బలం చాలావరకు ప్రకృతి ఇచ్చినది. అందులో మనిషి గొప్ప తక్కువ. గోల్కొండ బయటి గోడ అలా కాదు. దాని చుట్టూ చాలాచోట్ల తవ్వదగిన నేల ఉంది, శత్రువు తవ్వాడు కూడా. దాన్ని కాపాడింది చీకట్లో చెవి ఒగ్గి చప్పుడు పట్టి, ఊపిరాడని బొరియలో మోకాళ్ళ మీద పాకి, పేలడానికి సిద్ధంగా ఉన్న మందును చేతులతో తోడిన మనుషులు. ముట్టడి మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే ఘట్టం అదే. డెబ్భై గాయాలతో పోరాడిన అబ్దుల్ రజాక్ లారీని మనం తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. సెప్టెంబరు 21 తెల్లవారుజామున ద్వారం తీసిన అబ్దుల్లా ఖాన్ పనీని తిట్టుకుంటాం. ఆ ద్వారం దాకా రావడానికి చక్రవర్తికి దాదాపు ఎనిమిది నెలలు ఎందుకు పట్టిందో అడిగితే, జవాబులో సగం ఆ ఎదురు సొరంగం తవ్వినవాళ్ళది. వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు దక్కలేదు. గోల్కొండ మీద ఇకపై రాసేవాళ్ళు సెప్టెంబరు ద్రోహానికి ఇచ్చినన్ని పేజీలు జూన్ నెల సొరంగాలకూ ఇవ్వాలి.