సంతకం కోసం సముద్రం దాటే కవరు

యాంగోన్‌లో స్ట్రాండ్ రోడ్డు మీదున్న పెద్ద పోస్టాఫీసును మొదట కట్టించుకున్నది తపాలా శాఖ కాదు, బుల్లక్ బ్రదర్స్ అనే బియ్యం వర్తకుల కంపెనీ. 1908 నాటి కట్టడం. 1930 మే నెల భూకంపానికి పాత పోస్టాఫీసు పాడవడంతో, తరవాత ఇది తపాలా వారి చేతికొచ్చింది. ఆ కాలంలో రంగూన్ అని పిలిచిన ఈ ఊరి రేవులో బియ్యం బస్తాలను ఓడలకెక్కించిన కూలీల్లో ఎక్కువమంది మనవాళ్లే. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి సముద్రం దాటి వెళ్లినవాళ్లు. నెలనెలా ఇంటికి మనియార్డరు కట్టడం, జాబు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడడం వాళ్ల బతుకులో భాగం. 1937 ఏప్రిల్లో బర్మా (ఇప్పటి మయన్మార్) భారతదేశం నుంచి విడిపోయినప్పుడు కూడా మొదట వాడినవి భారత తపాలా బిళ్లలే, పైన ‘బర్మా’ అని అచ్చు వేసి.

ఉత్తరాన్ని అంతగా నమ్ముకున్న ఆ ఊరి నుంచి, ఉత్తరం మీదే నడిచే ఒక సరదా గురించి చెప్పాలని ఉంది. ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న కార్డును, ఒక చిన్న ఉత్తరంతోనూ తిరుగు కవరుతోనూ కలిపి అతని క్లబ్బుకు పంపడం, అతను సంతకం చేసి తిప్పి పంపితే దాచుకోవడం. ప్రపంచమంతటా సేకర్తలు చేసే పనే ఇది. దీనికి కావలసిన పిచ్చి యాంగోన్‌లో దండిగా ఉంది. చలికాలంలో ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్ అక్కడ రాత్రి 9:30కి వస్తుంది. టీ దుకాణాల్లో టీవీల ముందు చిన్న బల్లల చుట్టూ జనం కిక్కిరిసిపోతారు. మాంచెస్టర్ యునైటెడ్ వాళ్లొకవైపు, లివర్‌పూల్ వాళ్లొకవైపు.

కార్డులు కొత్తవేం కాదు. 1880లలోనే బ్రాడ్‌ఫర్డ్‌లో జాన్ బెయిన్స్ అనే ఆయన ఆటల కార్డులు అచ్చువేసి అమ్మాడు. తరవాత సిగరెట్ పెట్టెల్లో వచ్చాయి. ఇటలీలోని మొడెనాలో 1961లో మొదలైన పానీని కంపెనీ 1970 మెక్సికో ప్రపంచకప్పుకు ఆల్బమ్ వేశాక పిల్లల చేతుల్లో బొమ్మలే బొమ్మలు. జర్మనీలో అయితే క్లబ్బులే సంతకానికని ప్రత్యేకంగా కార్డులు అచ్చువేసి, అడిగిన అభిమానికి పంపడం ఆనవాయితీ. తపాలాలో మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు నేను జర్మనీ క్లబ్బులనే చూపిస్తాను. అడిగితే తప్పుపట్టని చోట మొదలుపెడితే చెయ్యి కుదురుతుంది.

ఇందులో కష్టమంతా కవరు సర్దడంలోనే ఉంది. ఉత్తరం చేత్తో రాయాలి, ఒక పేజీ దాటకూడదు. ‘మీరంటే నాకు చాలా ఇష్టం’ అని రాసే ఉత్తరాలు ఆటగాడికి బస్తాల కొద్దీ వస్తాయి. అతను ఆడిన ఒక మ్యాచ్, అందులో అందరూ మరచిపోయిన ఒక పాస్, గోల్ గీత మీద అడ్డుకున్న ఒక బంతి, అలాంటిదేదో రాస్తే ఉత్తరం అతని చేతిలో ఒక నిమిషం ఎక్కువ నిలుస్తుంది. రాసేవాడు యాంగోన్ వాడైతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఆ ఊరినుంచి వచ్చే ఉత్తరాలు ఏ క్లబ్బుకైనా అరుదు. కార్డులు ఒకటి, మహా అయితే రెండు. అరడజను పెడితే అమ్ముకోవడానికని అనుమానిస్తారు, ఆ అనుమానం సబబే. సంతకంతో పాటు మన పేరు కూడా రాయమని అడగడం మంచి పద్ధతి. పేరున్న కార్డుకు బజారులో ధర తగ్గుతుంది. దాచుకునేవాడికి ఆ తగ్గుదలతో పనిలేదు, ఆటగాడికి మన మీద నమ్మకం కుదురుతుంది.

తిరుగు కవరు దగ్గర విదేశీ సేకర్తలందరికీ చిక్కొస్తుంది. మయన్మార్ స్టాంపు అంటిస్తే ఇంగ్లండ్‌లో చెల్లదు కదా. ఈ చిక్కు తీర్చడానికే 1906లో రోమ్‌లో జరిగిన ప్రపంచ తపాలా సంఘం మహాసభ అంతర్జాతీయ జవాబు కూపన్ పెట్టింది. ఒక దేశంలో కొన్న కూపన్‌ను మరో సభ్యదేశం పోస్టాఫీసులో ఇస్తే, విదేశానికి మామూలు ఉత్తరం పంపడానికి సరిపడా బిళ్లలివ్వాలి. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ జనాన్ని ముంచింది ఈ కూపన్ల పేరు చెప్పే. కూపన్లు అమ్మడం అమెరికా, బ్రిటన్ తపాలా శాఖలు మానేసినా, వస్తే మార్చి ఇవ్వాల్సిన బాధ్యత పోలేదు. కూపన్ దొరక్కపోతే, ఆ దేశంలో ఉన్న బంధువు చేత అక్కడి బిళ్లలు తెప్పించుకోవడం మేలు. కొందరు కవర్లో డాలరు నోటు పెడతారు. దాన్ని నేను సమర్థించను. నోటు తగిలిన కవరు దారిలోనే విప్పబడుతుంది, నోటుతో పాటు కార్డూ పోతుంది.

ఇక కార్డు ఒంటికి చేయాల్సిన సేవ. ఇప్పటి కార్డులు నున్నగా మెరుస్తాయి. వాటిమీద బాల్‌పెన్ను జారిపోతుంది, మార్కర్ సిరా బొట్లుబొట్లుగా విరుగుతుంది. అందుకని పంపే ముందు పిల్లల పౌడరు చిటికెడు మెత్తని గుడ్డకద్ది కార్డు మీద తేలిగ్గా రుద్దితే జిడ్డు పోయి సిరా పట్టుకుంటుంది. బొమ్మ లేతరంగులో ఉంటే సన్నని నీలం మార్కర్ మేలు, నల్ల సిరా అచ్చు సంతకమేమో అనిపిస్తుంది. ముదురు రంగు చొక్కా బొమ్మైతే వెండి రంగు మార్కర్ కావాలి. కార్డుకు రెండువైపులా గట్టి అట్టముక్కలు పెట్టి, కార్డు జారకుండా కాగితం పట్టీతో బిగించాలి. గమ్ టేపు కార్డును తాకకూడదు. ఆ తరవాత ఒక నోటుబుక్కులో పంపిన తేదీ, క్లబ్బు పేరు, కార్డు వివరం రాసుకోవాలి. జవాబు వారాల్లో రావచ్చు, ఏడాది తరవాత రావచ్చు. రాకపోనూ వచ్చు. పుస్తకంలో రాసుకోనివాడికి ఏది పోయిందో, ఏది ఇంకా దారిలో ఉందో తెలియదు.

వచ్చిన సంతకం నిజమైనదేనా? పెద్ద క్లబ్బులు సంతకం ముందే అచ్చయిన కార్డులు పంపడం మామూలే. భూతద్దం పెడితే అచ్చు సంతకంలో సన్నని చుక్కల గళ్లు కనిపిస్తాయి. నిజమైన సిరా కాగితం మీద తేలి ఉంటుంది, పక్కవాటుగా పట్టుకుంటే మెరుస్తుంది. సంతకాల యంత్రం గీత మొదటినుంచి చివరిదాకా ఒకే లావులో నడుస్తుంది, రెండు సంతకాలు ఒకదానిమీద ఒకటి పెడితే గీతకు గీత సరిపోతాయి. మనిషి చెయ్యి అలా రెండుసార్లు రాయలేదు. ఆటగాడి బదులు గుమాస్తా చేసిన సంతకాన్ని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. దానికి అతని సంతకాలు చాలా చూసి ఉండడం తప్ప మరో మార్గం లేదు.

యాంగోన్‌లో అసలు శత్రువు వాన. మే నుంచి అక్టోబరు దాకా ముసురు, ఏడాదికి దాదాపు 2,700 మిల్లీమీటర్లు. ఆ చెమ్మకు అట్ట ఉబ్బుతుంది, బూజు పడుతుంది. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు సిరాను లాగేస్తాయి కాబట్టి పాలీప్రొపిలీన్ కవర్లే వాడాలి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చాలి. గోడకు తగిలించి ఎండ తగలనిస్తే మార్కర్ సిరా కొన్నేళ్లలో వెలిసిపోతుంది.

ఇంత శ్రమ ఎప్పుడూ మాంచెస్టర్ వైపే ఎందుకు సాగాలి? ఇది నన్ను చాలాకాలంగా కలచివేస్తున్న ప్రశ్న. 1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది బర్మా. 1970లో దక్షిణ కొరియాతో కలిసి మళ్లీ గెలిచింది. 1968 ఆసియా కప్పులో రెండో స్థానం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్ దాన్ని ఒక్క గోల్ తేడాతో మాత్రమే ఓడించగలిగింది, సుడాన్ మీద బర్మా 2-0తో నెగ్గింది. ఆ తరానికి నాయకుడు సుక్ బహదూర్, గూర్ఖా కుటుంబంలో పుట్టినవాడు. వలసవచ్చినవాళ్ల పిల్లలు ఆ దేశానికి ఏమిచ్చారో చెప్పడానికి ఆయన పేరొక్కటి చాలు. లండన్ క్లబ్బుల ఆటగాళ్లకున్నన్ని కార్డులు, ఆల్బములు ఈ తరానికి లేవు.

మన దగ్గరా అంతే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన భారత జట్టును తీర్చిదిద్దింది హైదరాబాద్ కోచ్ రహీమ్ సాబ్. ఆ జట్టులో ఆడిన సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరామ్ 2023లో పోయారు. రహీమ్ కొడుకు, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన హకీమ్ 2021లో పోయారు. వాళ్లకు చివరిదాకా ఎన్ని ఉత్తరాలు వెళ్లాయో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆడి మానేసి చాలాకాలమైన ఆటగాడే అభిమాని జాబుకు శ్రద్ధగా జవాబిస్తాడన్నది సేకర్తలందరి అనుభవం. పేరు మారుమోగుతున్నవాడికి తీరిక ఉండదు.

కాబట్టి యాంగోన్‌లో గానీ, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడ్డ విశాఖ కంచరపాలెం బర్మా క్యాంపులో గానీ ఈ సరదా పట్టుకున్న కుర్రవాడికి నా సలహా ఇది: అలాంటి పాత ఆటగాళ్లకు రాయి. పాత పత్రికల్లోని బొమ్మతో కార్డు సైజుకు, అంటే సుమారు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల ఎత్తుకు, ఫోటో ప్రింటు తీయించు, మందపాటి అట్టకు అతికించు. వెనకాల పేరు, ఆడిన ఏళ్లు, గెలిచిన కప్పులు రాయి. పెద్దాయన ఇల్లు తెలియకపోతే ఫుట్‌బాల్ సంఘం ద్వారా పంపు. బర్మా ఆటగాడికైతే బర్మీస్‌లోనే రాయి. ఒకే కార్డు రెండు ప్రతులు పెట్టు. ఒకటి సంతకం చేసి పంపడానికి, రెండోది ఆయనే ఉంచుకోవడానికి. ఉత్తరంలో ఒక ప్రశ్న కూడా అడుగు: ఇరాన్‌తో ఆ ఫైనల్లో చివరి పది నిమిషాలు మీ జట్టు ఎలా కాచుకుంది అని. జవాబు రాయడానికి ఒక తెల్లకాగితం మడిచి కవర్లో పెట్టడం మరచిపోకు.