ఆ లైను ఎవరు చదువుతున్నారు?

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగ పడ్డాడు. దూరపు సర్వర్‌లోకి వెళ్ళడానికి అప్పట్లో టెల్‌నెట్, ఆర్‌లాగిన్ వాడేవారు. వాటిలో పాస్‌వర్డ్ పోస్ట్‌కార్డు మీది రాతలా వెళ్ళేది. దారిలో కాపు కాసినవాడికి చదవడం కష్టం కాదు. అక్కడి పరిశోధకుడు తాతు యూలోనెన్ దీనికి విరుగుడుగా అంతా గుప్తలిపిలో పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాసి, ఆ జులైలోనే ఉచితంగా విడుదల చేశారు. ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్‌నెట్‌ది 23. మధ్యనున్న 22ను ఎస్‌ఎస్‌హెచ్ కోసం అడిగి తీసుకున్నారు. ఇవాళ లినక్స్ సర్వర్లలో ఎక్కువగా కనిపించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం చేతిలో తయారైంది.

చాలామందికి ఎస్‌ఎస్‌హెచ్ అంటే లాగిన్ కావడమే. దాని అసలు అందం ఒక్క లైనులో ఉందంటాను. సర్వర్ పేరు పక్కనే కమాండ్ రాస్తే చాలు, పని అక్కడ జరుగుతుంది, ఫలితం ఇక్కడికొస్తుంది, కనెక్షన్ ముగుస్తుంది. పని సవ్యంగా జరిగితే సున్నా వస్తుంది, కనెక్షనే కుదరకపోతే 255. స్క్రిప్టులు రాసేవాళ్ళకు ఈ అంకెలే ఆధారం.

అయితే ఆ ఒక్క లైనును రెండు షెల్స్ చదువుతాయి, ముందు మీది, తర్వాత సర్వర్‌ది. చాలా తప్పులు పుట్టేది ఇక్కడే. డాలర్ గుర్తుతో మొదలయ్యే వేరియబుల్‌ను డబుల్ కోట్స్‌లో పెడితే మీ షెల్ దాన్ని ఇక్కడే విప్పి, ఇక్కడి విలువనే పంపుతుంది. సింగిల్ కోట్స్‌లో పెడితే ముట్టుకోకుండా పంపుతుంది, సర్వరే విప్పుకుంటుంది. ఫలితాన్ని ఫైలులోకి మళ్ళించే బాణం గుర్తు కోట్స్ బయట ఉంటే ఫైలు మీ కంప్యూటర్లో పుడుతుంది, లోపల ఉంటే సర్వర్‌లో. చెరిపేసే కమాండ్‌లోని వేరియబుల్ ఇక్కడ ఖాళీగా ఉంటే అక్కడ ఏమవుతుందో ఆలోచించండి. అందుకే అలాంటి కమాండ్‌కు ముందు ‘ఎకో’ తగిలించి, సర్వర్‌కు నిజంగా ఏం చేరుతోందో చూశాకే అసలుది నడపాలి.

ఇంకో చిక్కు కొత్తవాళ్ళను గంటలకొద్దీ తిప్పుతుంది. సర్వర్ల జాబితాను వైల్ లూప్‌తో చదివిస్తూ ఒక్కో సర్వర్‌లో కమాండ్ నడిపితే, లూప్ మొదటి సర్వర్ దగ్గరే ఆగిపోతుంది. మిగతా పేర్లన్నీ తనకొచ్చిన ఇన్‌పుట్ అనుకుని ఎస్‌ఎస్‌హెచ్ మింగేస్తుంది మరి. ‘మైనస్ ఎన్’ పెడితే ఆ జాబితా జోలికి పోదు.

ఇంతకూ అవతల ఉన్నది మన సర్వరేనా? మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ దాని వేలిముద్ర చూపించి, నమ్మమంటారా అని అడుగుతుంది. చదవకుండా ‘యెస్’ కొట్టేస్తాం. అవతల వేషధారి ఉంటే మనం కొట్టే పాస్‌వర్డ్ వాడికే చేరుతుంది. దారిలో దొంగను ఆపిన గుప్తలిపి ఇక్కడ కాపాడలేదు. ఆ వేలిముద్రను అడ్మిన్‌కు ఫోన్ చేసి సరిచూసుకోండి. తర్వాతెప్పుడైనా అది మారిందని హెచ్చరిక వస్తే, మీ కంప్యూటర్లో దాచి ఉన్న పాత వేలిముద్ర లైనును చెరిపేసే ముందు ఎందుకు మారిందో అడగండి.