తీరికకు తోడు కావలెను

చేతిలోని ఫోనే మనుష్యుని కాలమును హరించుచున్నదను ఫిర్యాదు ప్రబలిన పిమ్మట, ఆ ఫోనులను నడుపు సంస్థలే దానికి మందును కూడ తయారుచేసినవి. 2018వ సంవత్సరము మే నెలలో గూగుల్ సంస్థ ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ అను సాధనమును ప్రకటించినది. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆపిల్ సంస్థ ‘స్క్రీన్ టైమ్’ అను దానిని తన ఫోనులలో చేర్చినది. అటుపిమ్మట పనికిని, ఇంటికిని, స్నేహమునకును కాలమును సరిగా పంచియిచ్చెదమని చెప్పు యాప్‌లు లెక్కకు మిక్కిలిగా వెలువడినవి. ఒక గ్రంథమును విమర్శించునట్లే ఇట్టి యంత్రరచనను కూడ విమర్శింపవచ్చునని మా అభిప్రాయము. గ్రంథమునకు కర్త యున్నట్లే యాప్‌నకును కర్త కలడు. మనుష్యుని గూర్చి ఆతడేమి తలంచెనో ఆతని రచనయే చెప్పును. ఆ తలంపు సరియైనదా, కాదా అని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

కోవిల్పట్టికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న కళుగుమలై వాసులకు ఈ విచారముతో పని యేమని కొందరు అడుగవచ్చును. మా వీధుల యువకులు చెన్నపట్టణమునకును, బెంగుళూరునకును, హైదరాబాదునకును, అమెరికాకును ఉద్యోగములకై వెడలిరి. వారిని నడుపు గడియారము ఇపుడు మా యిండ్లలోనికిని వచ్చినది. అంతేకాక, తమిళదేశమున నివసించు తెలుగువారమగు మనకు ఈ విషయమున ఇతరులకంటె ఎక్కువ నష్టము కలదు. అది యేదియో చివర చెప్పెదము.

మొదట గుణములు చెప్పుట న్యాయము. ఈ సాధనములు ఏ యాప్‌ను ఎన్ని నిమిషములు చూచితిమో, దినమునకు ఎన్నిమారులు ఫోను తెరచితిమో లెక్కవేసి చూపును. ఒక యాప్‌నకు అరగంట గడువు పెట్టుకొన్నచో, గడువు తీరగానే గూగుల్ సాధనము దానిని మూసివేసి దాని గుర్తును రంగు లేకుండ చేయును. గడువును మనమే మార్చుకొన్ననే తప్ప అర్ధరాత్రి దాటువరకు తెరవదు. ఆఫీసు యాప్‌లను వేరొక అరలో నుంచి సాయంకాలము ఆ అరను మూసివేయు వీలును కొన్ని ఫోనులలో కలదు. పద్దు వ్రాసిన గాని ఖర్చు తెలియదను గృహస్థుల సూత్రము కాలమునకును చెల్లును. తాను దినమునకు మూడు గంటలు తెరను చూచుచున్నానని అంకెలలో చూచుకొన్నవాడు ఒక్క క్షణమైనను ఆలోచనలో పడును. ఈ మేలును మేము కాదనము.

ఇక దోషములు. మొదటిది తాళపుచెవిని గూర్చినది. ఆపిల్ వారి సాధనములో గడువు తీరినపుడు తెరపై ఒక అడ్డు కనిపించును. ఆ అడ్డునుండియే ఇంకొక్క నిమిషము చూచుటకు, పదునైదు నిమిషములకు మరల జ్ఞాపకము చేయించుకొనుటకు, ఆ దినమునకు గడువును విడిచిపెట్టుటకు దారులు చూపబడును. తలుపునకు తాళము వేసి చెవిని ఆ తాళమునకే వ్రేలాడగట్టినట్లున్నది. పెద్దవారిని బలవంతముగా ఆపుటకు యంత్రమునకు హక్కు లేదని కర్తలు చెప్పవచ్చును. అది యుక్తమే. కాని ఉద్యోగము విషయమున తాళపుచెవి మనచేత లేదు. రాత్రి 10 గంటలకు పై అధికారి పంపిన సందేశమును ఉదయమువరకు చూడకుండు ధైర్యమును చిన్న ఉద్యోగికి ఏ యాప్ ఇచ్చును? కనుక గడువులు పాటలపైనను, ముచ్చటలపైనను పడుచున్నవి; పనిపై పడుట లేదు.

పనిగంటలు తగ్గిన చరిత్రను చూచినచో ఈ సంగతి స్పష్టమగును. మన దేశపు ఫ్యాక్టరీల చట్టము 1922లో వారమునకు 60 గంటలు హద్దుగా విధించినది. సంవత్సరము పొడవున నడచు ఫ్యాక్టరీలకు 1934లో ఆ హద్దు 54 గంటలైనది. 1948 నాటి చట్టములో 48 గంటలుండెను. 1923 మే 1వ తేదీన మద్రాసు సముద్రతీరమున సింగారవేలు గారు ఈ దేశమున మొదటి మే దినోత్సవమును జరిపిరి. దినమునకు 12 గంటల పనికి వీలు కల్పించు సవరణ 2023 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభలో ఆమోదము పొందెను. కార్మిక సంఘములు గట్టిగా ఎదిరింపగా మే 1వ తేదీన దాని ఉపసంహరణ ప్రకటింపబడెను. ఫ్రాన్సులో 2017 జనవరినుండియు, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టునుండియు, పనివేళ దాటిన పిదప ఆఫీసు సందేశములనుండి తప్పుకొను హక్కు చట్టములోనికి వచ్చినది. ఇందులో ఏ యొక్కటియు ఒక మనుష్యుడు ఒంటరిగా తన గడియారమును చూచుకొని సాధించినది కాదు.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తి గారు యువకులు వారమునకు 70 గంటలు పని చేయవలెననిరి. 2025 జనవరిలో ఎల్ అండ్ టి సంస్థ అధ్యక్షులు సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట లోకమున చర్చకు వచ్చినది. వారమునకు గంటలు 168. దినమునకు 8 గంటల చొప్పున నిద్రకు 56 గంటలు తీసివేసినచో మొదటి లెక్కలో 42 గంటలు, రెండవ లెక్కలో 22 గంటలు మిగులును. 22 గంటలనగా దినమునకు మూడు గంటల పైచిలుకు. స్నానము, భోజనము, ప్రయాణము, పిల్లల ముచ్చట అన్నియు అందులోనే. ఆ మిగులును ఎన్ని రంగులతో తెరపై గీసి చూపినను అది ఒక్క నిమిషమైనను పెరుగదు. పనియే సర్వమను మాటకు మా కొండపైన ఒక సాక్ష్యము కలదు. ఎనిమిదవ శతాబ్దమున పాండ్యుల కాలమున ఒకే శిలను పైనుండి క్రిందికి తొలిచిన వెట్టువన్ కోయిల అసంపూర్ణముగా నిలిచియున్నది. కుమారుని పనితనము తన్ను మించుచున్నదని ఓర్వలేక శిల్పియైన తండ్రియే ఆతనిని చంపెననియు, అందుచే పని ఆగిపోయెననియు జనశ్రుతి. అది చరిత్ర కాకపోవచ్చును. కాని పని బంధుత్వమును మ్రింగినచో పనియు పూర్తి కాదని తలంచిన పెద్దలే ఆ కథను నిలిపియుందురు.

రెండవ దోషము పట్టికను గూర్చినది. గుమాస్తా పనిలో జీవితము గడపిన మాకు బాగుగా తెలిసిన సంగతి యొకటి కలదు: పట్టికలో గడి లేనిది లెక్కలోనికి రాదు. ఈ యాప్‌లలో పని ఒక గడి, సాంఘికజీవనము వేరొక గడి. కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతముల అగ్గిపెట్టెల పరిశ్రమలో యంత్రములు ప్రబలుటకు పూర్వము స్త్రీలు అరుగులపై గుంపుగా కూర్చుండి పెట్టెలు అంటించుచు, పుల్లలు చట్రములలో పేర్చుచు నుండిరి. చేతులు పని చేయుచుండగా నోళ్లు పెండ్లి సంబంధములను విచారించుచుండెను. ముసలమ్మలు పిల్లలకు కథలు చెప్పుచుండిరి. ఆ వేళను ఏ గడిలో వ్రాయవలెను? ఆ పనిని మేము పొగడుట లేదు. దానికి ముట్టిన కూలి స్వల్పము. ఎందరో పిల్లల చదువు దానికి బలియైనది. జీవితము రెండు గడులలో నిముడదని చెప్పుట మాత్రమే మా ఉద్దేశము. నేటి ఫోనులోను అదే చిక్కు. వాట్సాప్‌లో 40 నిమిషములు గడచెనని యంత్రము చెప్పును. అందులో అధికారి ఆజ్ఞలకెన్ని, అక్కగారి క్షేమసమాచారమునకెన్ని యని చెప్పదు. యాప్‌ను లెక్కించుచున్నదే గాని మనుష్యుని లెక్కించుట లేదు. ఫలితముగా, దూరమున నున్న తల్లితో గంటసేపు మాటలాడినవాడును, ఊరక తెరను జరుపుచు గంటసేపు గడపినవాడును ఆ పట్టికలో సమానులైరి.

మూడవది మూలదోషము. ఈ సాధనములన్నియు తీరికను ఒంటరి మనుష్యుని సొత్తుగా భావించుచున్నవి. నీకు ఎంత తీరిక మిగిలినదని అడుగుచున్నవే గాని, అది నీవారి తీరికతో కలిసినదా అని అడుగవు. ఈ భేదము స్వల్పమని తోచువారు ఒక చరిత్రను జ్ఞాపకము చేసికొనవలెను. 1929లో సోవియట్ ప్రభుత్వము యంత్రములు ఒక్క దినమైనను ఆగకుండుటకై ఐదు దినముల వారమును ప్రవేశపెట్టినది. కార్మికులను ఐదు వర్గములు చేసి, వర్గమునకొక రంగు నిర్ణయించి, ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క దినమున సెలవిచ్చిరి. లెక్క ప్రకారము సెలవులు పెరిగినవి. ఏడు దినములకొకటి యుండవలసినది ఐదు దినములకొకటి యైనది. కాని భర్తకు సెలవైన నాడు భార్యకు లేదు. మిత్రునికి సెలవైన నాడు మిత్రునికి లేదు. ప్రజలలో అసంతృప్తి ప్రబలెను. యంత్రముల పనియు చక్కబడలేదు. 1931నుండి ఆ పద్ధతిని విడిచి అందరికిని ఒకే సెలవుదినము గల ఆరు దినముల వారమునకు మరలిరి. 1940లో ఏడు దినముల వారమే తిరిగి వచ్చినది. తీరిక పెరిగియు సాంఘికజీవనము తగ్గవచ్చునని దీనివలన తేలుచున్నది. నేటి యాప్ ప్రతి మనుష్యునికిని వేరొక రంగు నిచ్చి, వేరొక సెలవు నిచ్చి, ఇదియే సమతూకమని చెప్పుచున్నది.

మా యూరిలో పంగుని ఉత్తిరమున తేరు కదలుటకు వందల చేతులు ఒకే క్షణమున త్రాటిని లాగవలెను. ఒక్కొక్కరు తమ తమ తీరికవేళ వచ్చి లాగినచో తేరు అంగుళమైనను జరుగదు. మా కళుగుమలై మురుగునిపై కావడిచిందులను రచించిన చెన్నికుళము అన్నామలై రెడ్డియారు 1865లో జన్మించి 1891లోనే కీర్తిశేషులైరి. ఆయన పాటలు మాత్రము కావడి మోయువారి అడుగులతో కలిసి నేటికిని జీవించుచున్నవి. పెక్కు పాదములు ఒకే వేళ కదలుటకై పుట్టిన పాటలవి.

ఇట్టి ఉమ్మడి వేళను కనుగొను నేర్పు యంత్రమునకు లేదా? కలదు. పదిమంది ఉద్యోగుల ఖాళీ గంటలను పోల్చి, సమావేశమునకు తగిన వేళను క్షణములో చూపుట ఆఫీసు క్యాలెండరులకు పాత విద్య. స్విట్జర్లాండులో పుట్టిన ‘డూడుల్’ అను సాధనము ఏ గుంపునకైనను అనుకూలమైన వేళను వెదకిపెట్టును. నేర్పు లేక కాదు; అన్నదమ్ములు కలిసికొనుట కూడ సమావేశమంతటి కార్యమని ఈ క్షేమసాధనముల కర్తలు తలంపలేదు.

పూర్వకాలపు ఉమ్మడి తీరిక నిష్కళంకమని మేము వాదింపము. మా యూరిలోనే 1895లో పంగుని ఉత్తిర సమయమున తేరువీధి హక్కును గూర్చిన వివాదము ఘోరమైన అల్లరిగా మారి ప్రాణములు పోయినవి. పండుగ అందరిదైనను వీధి అందరిది కాలేదు. పండుగనాడు పురుషులకు తీరిక. వంటయింటివారికి రెట్టింపు పని. కనుక పాత ఆచారమును ఫోనులోనికి ఎక్కించిన చాలదు. నాడు పెద్దలు విధించిన వేళను నేడు అందరును సమ్మతించి ఏర్పరచుకొనవలెను. ఇందుకు యంత్రము నిజముగా ఉపకరింపగలదు.

మన యువకులలో యాప్‌లు రచించువారు కొందరు కలరు. వారికి మేము సూచించునవి నాలుగు. మొదటిది, లెక్క నిమిషములది కాక మనుష్యులది కావలెను; పెదనాన్నగారితో మాటలాడి రెండు మాసములైనదని చెప్పు యాప్ అరగంట మిగిలినదని చెప్పు యాప్‌కంటె మేలు. రెండవది, గడువును ఒక్కరు కాక ఆ గుంపువారు కలిసి పెట్టుకొనవలెను. ఒకరు మార్చదలచినచో వేరొకరి సమ్మతి కావలెను. చెవి రెండు చేతులలో నున్నపుడే తాళము తాళమగును. మూడవది, వేళ దాటి వచ్చిన ఆఫీసు సందేశముల పట్టికను ఉద్యోగి తనచేతనే యుంచుకొని, తోడివారి పట్టికలతో కలిపి యజమానికి చూపగల వీలుండవలెను. ఒంటరి ఫిర్యాదు నిలువదు, పదిమంది లెక్క నిలుచును. నాలుగవది, వేళ కుదిర్చిన పిదప యాప్ తనంతట మూతబడవలెను. ఈ సమాచారము అమ్మకమునకు పోరాదు. ఇది కష్టసాధ్యము కాదు. మనకు ఆదివారము ఉదయము 8 గంటలగునపుడు న్యూయార్కులో శీతకాలమున శనివారము రాత్రి తొమ్మిదిన్నర, వేసవిలో పదిన్నర. పెందలకడ నిద్రించు పిల్లలున్న యింట ఈ ఒక్క గంట తేడాచే మనుమడు తాతగారితో మాటలాడకయే పోవును. దీనిని గుర్తెరిగి వేళను ముందే జరుపుట యంత్రమునకు తగిన పని.

చివర చెప్పెదమన్న నష్టము భాషకు సంబంధించినది. ఈ ప్రాంతమున మన యిండ్లలోని తెలుగునకు బడి ఆధారము లేదు, పత్రిక ఆధారము లేదు. మాటలాడువారిలో పెక్కుమందికి లిపియు రాదు. అది నోటినుండి చెవికి మాత్రమే సాగుచున్నది. కోవిల్పట్టి చేరువనున్న ఇడైసెవల్‌లో పుట్టి 2021లో దివంగతులైన కి. రాజనారాయణన్ గారు తెలుగింటివారు. తమిళమున రచించి, ‘గోపల్ల గ్రామము’ అను నవలలో ఈ నల్లరేగడి నేలకు వలసవచ్చిన తెలుగువారి జీవితమును నిలిపిరి. పల్లె కథలను, ఈ సీమ పలుకుబడులను ప్రోగుచేసిరి. ఆయన ప్రోగుచేసిన కథలు ఎవరికి వారు గదిలో కూర్చుండి కల్పించినవి కావు. చెప్పువాడును, విని ‘ఊ’ కొట్టువాడును ఒకే వేళ ఒకే చోట నుండుటచే పుట్టినవి. లిపి గల భాష ఒంటరి తీరికలోను బ్రతుకును, పుస్తకము వేచియుండును. నోటిభాష వేచియుండలేదు. ఇంటిలో నలుగురికిని నాలుగు వేళల అరగంట చొప్పున యంత్రము మిగిల్చినను, ఆ అరగంటలు కలియనిచో తెలుగు పలుకుటకు ఎదుట నెవరుందురు? కాలమును పంచు విద్య యంత్రమునకు చాలినంత వచ్చినది. కలుపు విద్యను దానికి నేర్పువారు మనలోనుండియే రావలెనని మా కోరిక.